రేడియేటర్ తీసిన వేసవి

మా మామగారి పేరు నేను పలకను. మా కిర్గిజ్ ఇళ్ళలో కోడలు మామగారి పేరు నోట రానివ్వకూడదు, ఆయనకు వీపు చూపించి కూర్చోకూడదు, ఆయన మాటకు ఎదురు చెప్పకూడదు. పేరుతో నాకేమీ ఇబ్బంది లేదు. బిష్కెక్‌లో మేముండే అయిదంతస్తుల ఇంట్లో అందరూ ఆయన్ని ‘ఉస్తా’ అనే పిలుస్తారు, పనిలో ఆరితేరినవాడని. నేను ‘అటా’ అంటాను, నాన్నా అని. వీపు సంగతీ అంతే, అలవాటైపోయింది. ఎదురు చెప్పకుండా ఉండటమే నా ప్రాణం మీదకొచ్చేది. గాలికి ఎదురు అరిస్తే గానీ పక్క గుట్ట మీదున్న అన్నకు వినబడని నరీన్ కొండల్లో పుట్టినదాన్ని. నోరు కట్టేసుకుని బతకమంటే ఎలా బతుకుతాను?

అయినా బతికాను. ఒకే ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను, అదీ మూసుకోకూడని చోట. ఆ కథే ఇది.

మామగారికి కళ్ళు ఆనడం లేదని మా ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. టీ పోసి ఇచ్చేది నేను కదా. గిన్నె ఎక్కడుందో చూసి కాక, చెంచా ఎటు చప్పుడైతే అటు చెయ్యి చాపేవారు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే వాళ్ళు నోరు తెరిచేదాకా ఆగి, గొంతు పట్టుకుని పలకరించేవారు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే ఆయన చేతులు మాత్రం ఎక్కడా తడబడేవి కావు. ముప్పై రెండేళ్ళు గొట్టాలు బిగించిన చేతులు. రిటైరయ్యాక కూడా ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి గది వెచ్చబెట్టే రేడియేటర్ చల్లబడినా మా తలుపే తట్టేవాళ్ళు. కళ్ళు పోయిన ఉస్తాని ఎవరు పిలుస్తారు? పిలవకపోతే ఆయన వెళ్ళి కూర్చోవలసింది వాకిట్లో ముసలాళ్ళ బెంచీ మీద. మామగారికి చావంటే భయం లేదు, ఆ బెంచీ అంటే భయం. అందుకే నేను చూసింది నాలోనే దాచుకున్నాను.

ఆ వేసవికి నాకు ఏడో నెల. ఉత్తరం మూల గది పుట్టబోయే బిడ్డకని అనుకున్నాం. ఆ గది చలికాలంలో ఎంత చల్లగా ఉండేదంటే మా అత్తగారు అందులో కారెట్లు దాచేది. రేడియేటర్ పైన వెచ్చగా, కింద మంచులా ఉండేది.

“అడుగున మడ్డి పేరుకుంది,” అన్నారు మామగారు. “దాన్ని తీసి కడిగి, గోడలకు కొత్త కాగితం వేసి, మళ్ళీ పెడదాం. నా మనవడేమన్నా కారెట్టా, చలిలో పడుకోబెట్టడానికి?”

“రేడియేటర్ ఉండగానే చుట్టూ అంటిస్తే పోదా నాన్నా?” అన్నాడు మా ఆయన తిలేక్. తిలేక్ మినీబస్సు నడుపుతాడు. ఏ పనినైనా దారి మధ్యలో దిగిపోయే ప్రయాణికుడిలా చూస్తాడు.

“చుట్టూ అంటించేవాడు ముఖం కడుక్కుని మెడ వదిలేసేవాడు,” అన్నారు మామగారు.

గోడ కాగితం కొనడానికి నన్ను బజారుకు తీసుకెళ్ళారు. కొట్లో ఆయన కాగితం చుట్టలన్నీ వేళ్ళతో తడిమి, దళసరి చూసి, ఒకదాని మీద అరచెయ్యి ఆనించి ఆగారు.

“ఇది తీసుకుందాం. నీలం. చల్లటి రంగు, కళ్ళకు హాయిగా ఉంటుంది.”

అది బీట్‌రూట్ రంగు. దాని మీద క్యాబేజీలంత గులాబీలు. కొట్టువాడు ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. నేను కళ్ళతోనే ‘కట్టెయ్’ అన్నాను. ఇంటికొచ్చాక అత్తగారు చుట్ట విప్పి చూసింది.

“మీ అటా ఎంచారా?”

“అవును అపా.”

“ఎంచితే ఎంచారులే,” అంటూ చుట్టేసింది. ముసలివాళ్ళకు చాదస్తం పెరుగుతుందని ఆవిడ అనుకుంది. కారణం నాకు తెలుసు, అయినా పెదవి విప్పలేదు.

*

మా ఊళ్ళో రేడియేటర్ తీయడమంటే ఒక్క ఇంటి పని కాదు. ఊరి బాయిలర్ దగ్గర కాగిన నీళ్ళు మా నేలమాళిగలోకి వస్తాయి. అక్కణ్ణించి నిలువు గొట్టాల్లో పైకెక్కి, ఒక్కో ఇంటి రేడియేటర్‌లోనూ దూరి, పై ఇంటికి పోతాయి. మా మూల గది గొట్టం మీద అయిదిళ్ళు. వేసవిలో వేడి ఉండదు గానీ గొట్టాలు తుప్పు పట్టకుండా నీళ్ళు అందులోనే నిలవుంటాయి. ఒకరు విప్పాలంటే గొట్టమంతా ఖాళీ చెయ్యాలి, మిగతా నలుగురికీ చెప్పాలి.

మామగారు ఎత్తైన తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని గడప గడపకూ వెళ్ళారు. నేను వెనకాల. రెండో అంతస్తులో, సరిగ్గా మా కింద, జినైదా ఫ్యోదొరొవ్నా ఉండేది. లెక్కల టీచరుగా రిటైరైన రష్యన్ ఆవిడ. మా ఇంట్లో ఎవరైనా గట్టిగా నడిస్తే గరిటె తీసుకుని తన గొట్టం మీద కొట్టేది. ఆ చప్పుడు అయిదంతస్తులకూ వినబడేది. మా బిల్డింగులో తగాదాలన్నీ అలా గొట్టం మీదుగానే జరుగుతాయి.

“తీసేది సరే, పెట్టేదెప్పుడు?” అందావిడ.

“సెప్టెంబరు రాకముందే.”

“కింద నేనున్నానని గుర్తుంటుందా ఉస్తా?”

“రోజుకు మూడుసార్లు గరిటెతో గుర్తు చేస్తారుగా ఫ్యోదొరొవ్నా,” అన్నారు మామగారు. ఆవిడ తలుపు వేసుకుంది గానీ లోపల నవ్వుకోవడం వినబడింది.

ఆగస్టు మొదటి వారంలో పని మొదలైంది. మామగారు నేలమాళిగలో రెండు వాల్వులూ కట్టి గొట్టం ఖాళీ చేశారు. పైకొచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని, పెద్ద పానా గొట్టానికి తగిలించి, తల పక్కకు తిప్పి, ఎవరో చెవిలో చెప్పేది వింటున్నట్టు నొక్కారు. ముప్పై ఏళ్ళుగా కదలని మర కిర్రుమని కదిలింది. అడుగున మిగిలిన నీళ్ళు తారులా నల్లగా బేసిన్‌లోకి దిగాయి. తిలేక్, నాలుగో అంతస్తు కుబాత్ కలిసి ఆ ఇనప ముద్దను మోసుకుంటూ వాకిట్లోకి దించారు. కుబాత్ దారిలో అందరికీ వినబడేలా మూలిగాడు. అతను మంచివాడే, కానీ అతని చెవిలో పడ్డ మాట సాయంత్రానికి బెంచీ దాకా చేరుతుంది.

వాకిట్లో గొట్టం పెట్టి కడిగితే బక్కెట్లకొద్దీ మడ్డి వచ్చింది. మామగారు చెక్క సుత్తితో ఒక్కో అరనూ తట్టి, ఆ మోత విని, “ఇందులో ఇంకా ఉంది” అనో “ఇది శుభ్రం” అనో చెప్పేవారు. ఒక్కటీ తప్పలేదు. చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది.

గదిలో రెండు గొట్టం మొనలు తెరుచుకుని ఉన్నాయి. వాటికి ఇనప మూతలు బిగించాలి. కింది గొట్టం మర తుప్పు తినేసింది, కొత్తగా మర కొయ్యాలి. అది కంటి పని. మామగారు రెండు రోజులు దాని దగ్గర కూర్చుని లేచారు. మూడో రోజు చెక్క బిరడాలు రెండు చెక్కి, గుడ్డ చుట్టి దిగ్గొట్టారు.

“మూతలో నాన్నా?” అన్నాడు తిలేక్.

“సున్నం పెళ్ళలు లోపల పడకుండా ఇవి చాలు. గొట్టాల్లోకి నీళ్ళు సెప్టెంబరు దాకా రావు. ఈలోగా రేడియేటరే పెట్టేస్తాం.”

*

ఒక రోజు పొద్దున్నే మామగారితో రొట్టెకు వెళ్ళి వస్తున్నాను. కింద గుమ్మం తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. మామగారు దాని ముందు ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, పై నుంచి కింద దాకా చదువుతున్నట్టు తల ఆడించారు. కుబాత్ వాళ్ళావిడ మెట్లు దిగుతూ, “ఏం రాశారు ఉస్తా?” అంది.

“పాతదే. వేసవిలో వేడినీళ్ళు ఆపుతామన్నది.”

ఆవిడ వెళ్ళిపోయింది. నేను ఆయన భుజం మీదుగా చదివాను. పంతొమ్మిదో తేదీన గొట్టాల్లో నీళ్ళు నింపి ఒత్తిడి పరీక్ష చేస్తారట. గొట్టాలు విప్పినవాళ్ళు ముందుగా తెలపాలట. ఎప్పుడూ సెప్టెంబరులో చేసేది ఈసారి ముందుకు జరిపారు.

“అటా, ఆ కాగితం...” అన్నాను మెట్లెక్కుతూ.

“చదివాను కదమ్మా.”

అంతే. ఆ మాట దాటి ఒక్క మెట్టు పైకెక్కలేకపోయాను. ‘మీరు చదవలేదు’ అనడమంటే ‘మీకు కనబడదు’ అనడమే. ఏ కోడలు అంటుంది, మెట్ల మీద, నలుగురు తిరిగేచోట? సాయంత్రం తిలేక్‌కి చెప్పాను. అతను చొక్కా విప్పుతూ, “నాన్నకు తెలీకుండా ఉంటుందా? ముప్పై రెండేళ్ళు ఆ పరీక్షలు చేసిందే ఆయన,” అన్నాడు. అత్తగారితో అంటే, “మగవాళ్ళ గొట్టాల సంగతి మనకెందుకు, నువ్వు పాలు తాగు,” అంది. నేను పాలు తాగాను. చెప్పాల్సినవాళ్ళకు చెప్పేశానని నా మనసుకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పద్దెనిమిదో తేదీ సాయంత్రానికి గది తయారైంది. నాలుగు గోడలా బీట్‌రూట్ రంగు. లోపలికి వెళ్తే బీట్‌రూట్ చారు బోర్ష్ గిన్నెలో కూర్చున్నట్టుండేది. మామగారు గోడంతా తడిమి, అతుకులు ఎక్కడా తగలక, “చాలా బాగుంది,” అన్నారు.

మర్నాడు పదకొండు గంటలకు నేను గది తుడుస్తున్నాను. కింది గొట్టం మొన నుంచి పాము బుసలాంటి చప్పుడు వచ్చింది. గాలి. ఆ చప్పుడు ఏమిటో నాకు అర్థమయ్యేలోపలే మామగారికి వంటింట్లో అర్థమైంది.

“అమ్మాయ్, బయటికి రా. గోడ దగ్గర నిలబడకు.”

నేను గడప దాటానో లేదో బిరడా ఎగిరి ఎదురు గోడ గులాబీకి తగిలింది. దాని వెనకే నల్లటి నీళ్ళు, చెయ్యంత లావున. మామగారు పరుగున వచ్చి అరచేత్తో మొన మూయబోయారు. నీళ్ళు ఆయన మొహాన కొట్టాయి. అత్తగారు దుప్పట్లు తెచ్చి కుక్కింది. కింద గొట్టం మీద గరిటె మోత మొదలైంది. ఈసారి కోపంతో కాదు, ఇల్లు అంటుకుంటే కొట్టే గంటలా.

“నేలమాళిగ తాళంచెవి,” అన్నారు మామగారు. మేకుకున్నది తీసి నేనే పట్టుకున్నాను. ఆయన మెట్లు దిగుతుంటే ఆయన బెల్టు పట్టుకుని వెనకే దిగాను. పడతారేమోనని నా భయం. నేను పడతానేమోనని ఆయన భయం.

నేలమాళిగలో దీపం వెలగలేదు. నాకు కాటుకలా చీకటి. ఆయన మాత్రం ఆగలేదు. స్తంభాలు తడుముతూ, నోట్లో లెక్కపెట్టుకుంటూ, వంగాల్సిన చోట “తల” అని నన్ను హెచ్చరిస్తూ తిన్నగా వెళ్ళి మా గొట్టం పట్టుకున్నారు. పరీక్షవాళ్ళు పొద్దున్న వాల్వులన్నీ తెరిచేసి పక్క బిల్డింగుకు పోయారు. ఆయన మొదటిది తిప్పారు, రెండోది తిప్పారు. పైన హోరు తగ్గింది. ఆ చీకట్లో మా ఇద్దరిలో గుడ్డిదాన్ని నేనే.

ఆయన గొట్టానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు.

“తలుపు మీద కాగితం ఏం రాసుంది అమ్మాయ్?”

“పంతొమ్మిదిన నీళ్ళు నింపుతామని.”

“నువ్వెప్పుడు చదివావు?”

“అంటించిన రోజే. మీ వెనకాల నిలబడి.”

పైనుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా దిగుతున్నాయి.

“నాకది తెల్ల కాగితంలా ఉంది,” అన్నారు.

“తెలుసు అటా.”

“ఎప్పట్నుంచి?”

“చలికాలం నుంచి.”

“చలికాలం నుంచి తెలుసు, కాగితం చదివావు, నోరు మూసుకున్నావు. నరీన్ పిల్లలకు నోరెక్కువని విన్నానే.”

“కోడలికి ఉండకూడదు కదా,” అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. చీకటే కదా అనుకున్నాను గానీ ఆయనకు వినబడుతుంది.

ఆయన నన్ను ఊరుకోమనలేదు. “నీళ్ళకు మామా తెలీదు, కోడలూ తెలీదు. గొట్టాల దగ్గర ఆ మర్యాదలు పెట్టుకోకు. ఇకనుంచి చూసింది చెప్పు,” అన్నారు. నేలమాళిగ తలుపు దాకా వచ్చాక పక్కకు జరిగి నిలబడ్డారు. “తాళం నువ్వెయ్యి. నాకా కన్నం దొరకదు.”

నేను వేశాను. తాళంచెవి తిరిగిస్తే తీసుకోలేదు.

*

రెండో అంతస్తు మెట్ల మీద జినైదా ఫ్యోదొరొవ్నా నిలబడి ఉంది. ఒక చేతిలో గరిటె, తల మీద గుడ్డ, గుడ్డ మీద నల్లటి మరకలు. లోపలికి రమ్మని చేత్తో చూపించింది. ఆవిడ పడగ్గది పైకప్పు నుంచి సున్నం ఊడి వేలాడుతోంది. కింద నేల మీద తడిసి ముద్దయిన పాత రజాయి. ఆవిడ దాన్ని ఎత్తింది. రజాయి కింద ఇరవై రెండు టమాటా ఊరగాయ సీసాలు, చల్లారడానికి తలకిందులుగా పెట్టినవి.

“చూడండి ఉస్తా. మీరు గొట్టానికి కొట్టిన బిరడా కంటే నేను బిగించిన మూతలే నయం. ఒక్క చుక్క లోపలికి పోలేదు.”

పైన మెట్ల మీద కుబాత్ తల కనిపించింది. అతని వెనక వాళ్ళావిడ తల. మామగారికి ఆ అడుగుల చప్పుడు వినబడే ఉంటుంది. ఏదో ఒక సాకు చెప్పి పైకి వెళ్ళిపోవచ్చు. పరీక్షవాళ్ళను నాలుగు తిట్టి వెళ్ళిపోవచ్చు. అందరూ నమ్మేవాళ్ళు.

“తప్పు నాది ఫ్యోదొరొవ్నా,” అన్నారు. “తలుపు మీద కాగితం చదవలేకపోయాను. నాకు కళ్ళు కనబడటం లేదు.”

“అది నాకు కొత్త కబురా? మూడేళ్ళ నుంచీ నేను నమస్తే అనేదాకా మీరు నన్ను గోడ అనుకుంటున్నారు,” అందావిడ. “కంట్లో శుక్లం. నాకూ వచ్చింది, రెండు కళ్ళకీ కోయించుకున్నాను. పావుగంట పని. పన్ను పీకినా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.”

“చూద్దాంలెండి.”

“ఏం పెట్టుకుని చూస్తారు?”

తిలేక్ ఆ ఆదివారం ఆవిడ పైకప్పుకు సున్నం వేశాడు.

ఆ తర్వాత పది రోజులు మా తలుపు ఎవరూ తట్టలేదు. అంతకుముందు రోజుకు ఇద్దరైనా వచ్చేవాళ్ళు. అయిదో అంతస్తువాళ్ళు కుళాయికి బయటి మనిషిని పిలిపించుకున్నారు. మామగారు వంటింట్లో టీ ముందు కూర్చుని, గొట్టం మీదుగా దిగివస్తున్న ఆ చప్పుడు విన్నారు.

“కొత్తవాడు,” అన్నారు. “పెద్ద పానా పట్టాల్సిన చోట చిన్నది పట్టాడు. జారుతుంది.”

జారిన చప్పుడు కూడా వినబడింది. ఆయన నవ్వలేదు. టీ చల్లారిపోయింది. ఆయన భయపడ్డ బెంచీ మా గుమ్మంలోకే వచ్చి కూర్చుంది.

చూసింది చెప్పమన్నారుగా, చెప్పేశాను.

“అటా, చలి రాబోతోంది. రేడియేటర్ ఇంకా వాకిట్లోనే పడి ఉంది. నాకు కళ్ళున్నాయి, మీకు పనొచ్చు. లేవండి.”

అత్తగారి చేతిలో గిన్నె ఆగిపోయింది. మామగారు టోపీ కోసం చెయ్యి చాపారు.

*

మర ఎలా కొయ్యాలో, నూనె ఎప్పుడు వెయ్యాలో, ఎంత తిప్పి ఎంత వెనక్కి రావాలో ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. పెద్ద పొట్టతో నేల మీద కూర్చోవడమే కష్టమైంది గానీ మర కోయడం కష్టం కాలేదు. మర మీద నార చుట్టి, రంగు పూసి బిగించాలి. నేను నార చేతికి తీసుకోగానే అత్తగారు అడ్డొచ్చింది.

“కడుపుతో ఉన్నది తాడు చుట్టకూడదు, బొడ్డుతాడు మెడకు చుట్టుకుంటుంది.”

“అది నార, తాడు కాదు,” అన్నారు మామగారు.

“అలా అయితే నువ్వు చుట్టు ముసలాయనా.”

“నేను చుట్టి ఊరు ముంచాను కదే,” అన్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి నాకు బోర్సోకులు, పులిసిన పిండి ముక్కలు, నూనెలో వేయించి తెచ్చింది.

రేడియేటర్ మోసుకొచ్చిన కుబాత్ గుమ్మంలో నిలబడి చూశాడు.

“కోడలితో చేయిస్తున్నారా ఉస్తా?”

“చేయించడం కాదు, నేర్పిస్తున్నాను. నువ్వు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావు, పానా ఏ వైపు పట్టాలో తెలుసా?”

కుబాత్‌కి తెలియదు. సాయంత్రానికి బెంచీకి ఈ సంగతీ చేరింది.

తడిసిన గోడ మీద కాగితం చించి మళ్ళీ అంటించాం. అదృష్టమో దురదృష్టమో, చుట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి. సెప్టెంబరు చివర మా గొట్టానికి మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి తేదీ నేనే మిగతా నాలుగిళ్ళకూ చెప్పి వచ్చాను. నీళ్ళు ఎక్కుతుంటే మామగారు అతుకు మీద వార్తాపత్రిక ముక్క పట్టుకుని కూర్చున్నారు. కాగితం తడవలేదు. కింద నుంచి గరిటెతో ఒక్క దెబ్బ, ‘ఏమైంది?’ అన్నట్టు. నేను పానాతో రెండు దెబ్బలు తిరిగి కొట్టాను.

అక్టోబరు ఆఖర్న అమ్మాయి పుట్టింది. బొడ్డుతాడు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇంటికి తెచ్చాక ‘నానమ్మ ముక్కు’ అని ఒకరు, ‘తిలేక్ నుదురు’ అని ఒకరు, అందరూ తలో మాటా అన్నారు. మామగారు పిల్లను ఒళ్ళో పెట్టుకుని, రేడియేటర్ అరలను తడిమినంత నెమ్మదిగా దాని మొహం వేళ్ళతో తడిమారు. చాలాసేపు తడిమారు.

“నాకు చాలడం లేదు,” అన్నారు. “తిలేక్, కిందికెళ్ళి ఫ్యోదొరొవ్నాని అడుగు. ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడట?”

వేడి వచ్చింది. మూల గది రేడియేటర్ కింద కూడా చెయ్యి ఆనించలేనంత కాలింది. కారెట్లు వంటింటి బాల్కనీకి మారాయి. మామగారికి మొదట కుడి కంటికి ఆపరేషన్ అయింది, పావుగంటలోనే. మర్నాడు కట్టు విప్పించుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తిలేక్ చెయ్యి పట్టుకోకుండా మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. జినైదా ఫ్యోదొరొవ్నా వెనకాలే ఎక్కింది. ఎవరు చూసినా ఆ ఆపరేషన్ ఆవిడే చేసిందనుకుంటారు.

మామగారు తిన్నగా ఉయ్యాల దగ్గరకు వెళ్ళారు. కళ్ళద్దాలు తీసి పిల్లను చూశారు. ఆయన కంట్లోంచి నీళ్ళు కారుతుంటే అత్తగారు, “తుడుచుకోకు, డాక్టరు ముట్టుకోవద్దన్నాడు,” అంది. ఆ తర్వాత ఆయన తలెత్తారు. ఒక గోడ చూశారు, రెండో గోడ చూశారు. మెల్లగా చుట్టూ తిరిగారు.

“ఇదేం రంగు?”

తిలేక్ కిటికీలోంచి బయటికి చూశాడు. నేను పిల్ల దుప్పటి సర్దాను.

“నీలం,” అంది అత్తగారు. “చల్లటి రంగు. కళ్ళకు హాయిగా ఉంటుంది.”

జినైదా ఫ్యోదొరొవ్నా గోడ పట్టుకుని నవ్వింది. మామగారు ఇంకొకసారి చుట్టూ చూసి, “ఒక్కరు, ఒక్కరైనా చెప్పొచ్చు కదరా,” అన్నారు.

“వచ్చే వేసవిలో మారుద్దాం అటా. మళ్ళీ రేడియేటర్ తీయాలి మరి,” అన్నాను.

“తీద్దాం.” ఆయన రేడియేటర్ దగ్గరకు వెళ్ళి, వంగొద్దని అత్తగారు అరుస్తుంటే నడుము నిటారుగానే గొంతుక్కూర్చున్నారు. కింది అతుకు చూశారు. వేలు పెట్టి చూశారు. “నార తోక బయటికి వదిలేశావు అమ్మాయ్.”

“కారలేదు కదా.”

“కారలేదు.” ఆయన ఆ తోకను గోటితో లోపలికి నొక్కబోయి, ఆగి, అలాగే వదిలేశారు.

అప్పుడే తలుపు చప్పుడైంది. కుబాత్. చేతిలో తడి గుడ్డ, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు.

“ఉస్తా, కళ్ళొచ్చాయటగా. మా వంటింటి గొట్టం అతుకు కారుతోంది. ఒక్కసారి రాకూడదూ?”

మామగారు లేచి సామాన్ల సంచీ దాకా వెళ్ళారు. చెయ్యి దాని మీద పెట్టారు. నెలరోజులు బరువెత్తొద్దన్నాడు డాక్టరు, కానీ ఆయన ఆగింది దానికి కాదు. సంచీలోంచి పెద్ద పానా తీసి ఉయ్యాల పక్కన, నా మోకాలి దగ్గర పెట్టి కుబాత్ వైపు తిరిగారు.

“ప్రస్తుతానికి గుడ్డ చుట్టి వాల్వు కట్టెయ్. మా ఉస్తా బాలింత. నలభై రోజులు నిండేదాకా గడప దాటదు.”

కుబాత్ ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. “ఎన్ని రోజులైంది ఉస్తా?” అని అడిగాడు, నన్ను.